కంపెనీకి గొడుగు పట్టొద్దు, మన వాటా మనం అడుగుదాం

(ఒంగోలులో జరిగిన మన సంఘం పొగాకు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నారుమళ్లు పోసే రోజులివి. ఎవరి పని వాళ్లకుంది. పని మానుకుని ఇంతమంది వచ్చారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

కొన్నాళ్లుగా మన ఊళ్లలో ఒక అర్జీ తిరుగుతోంది. మీలో చాలామంది చూసే ఉంటారు. పొగాకు చట్టాన్ని ఇంకా గట్టి చేయొద్దని, సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక బొమ్మ తగ్గించమని, లూజు సిగరెట్ల అమ్మకం ఆపొద్దని, కొట్ల దగ్గర బోర్డులు తీసేయించొద్దని కేంద్ర ప్రభుత్వాన్ని కోరే కాగితం అది. పైన 'లక్షలాది పొగాకు రైతుల తరఫున' అని ఉంది. రాసిందెవరో మాత్రం కింద లేదు. దీని మీద మన సంఘం ముద్ర వేయాలా వద్దా అన్నది ఇవాళ మనం తేల్చుకోవాలి. వేయకూడదన్నది నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. వేయకుండా ఊరుకుంటే సరిపోదని కూడా చెబుతాను.

నేనూ పొగాకు రైతునే. ఒక బ్యారన్ ఉంది. ముప్పై ఏళ్లుగా ఈ పంటతోనే ఇల్లు నడుస్తోంది. కాబట్టి పట్నంలో కూర్చుని పొగాకు మానేయమని చెప్పేవాళ్ల లెక్కలో నన్ను వేయొద్దు.

తేదీలు చూద్దాం

ప్రకటనలు ఆపితే, పెట్టె మీద బొమ్మ పెద్దది చేస్తే సిగరెట్లు అమ్ముడుపోవు, అప్పుడు మన ఆకు ధర పడిపోతుంది. అర్జీలో ఉన్న వాదన మొత్తం ఇంతే. వినడానికి నిజమే అనిపిస్తుంది. దీన్ని మన అనుభవంతో సరిచూద్దాం.

1990లు గుర్తు చేసుకోండి. అప్పుడు సిగరెట్ ప్రకటనలకు అడ్డూ అదుపూ లేదు. మన క్రికెట్ జట్టు చొక్కాల మీదే విల్స్ అని ఉండేది. 1996 ప్రపంచ కప్పు పేరే విల్స్ వరల్డ్ కప్. విశాఖలో, హైదరాబాదులో కూడా ఆ మ్యాచులు జరిగాయి. రోడ్డు పక్క పెద్ద బోర్డుల మీద, వారపత్రికల వెనక అట్టల మీద, సినిమా హాళ్లలో ఎక్కడ చూసినా సిగరెట్టే. అర్జీ చెప్పే లెక్క ప్రకారం అది పొగాకు రైతుకు స్వర్ణయుగం కావాలి. ఆ దశాబ్దం ముగిసేసరికి ఏమైంది? గోదాముల్లో సరుకు పేరుకుపోయిందని 2000-01 సీజన్‌కు ఆంధ్రప్రదేశ్‌లో పంట విరామం ప్రకటించారు. ఒక ఏడాదిపాటు బ్యారన్ల పొయ్యిలు వెలగలేదు. అప్పటికి ప్రకటనలను నిషేధించే చట్టమే లేదు. ఆ చట్టం 2003లో వచ్చింది, 2004 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇక 2015. వేలం కేంద్రాల్లో ధర కుప్పకూలింది. నోబిడ్ బేళ్లను ట్రాక్టర్లలో వెనక్కి తెచ్చుకున్నాం. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో మన తోటి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పెట్టెకు రెండు వైపులా 85 శాతం హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నిబంధన 2016 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అంటే మనవాళ్లు చచ్చిపోయింది ఆ బొమ్మ రాకముందే.

2024 చూడండి. వేలంలో కిలో మూడు వందలు దాటి అమ్ముకున్నాం. అప్పటికి పెద్ద బొమ్మ వచ్చి ఎనిమిదేళ్లు. ప్రకటనల నిషేధం వచ్చి ఇరవై ఏళ్లు. సినిమాలో హీరో సిగరెట్ ముట్టిస్తే తెర మీద హెచ్చరిక పడే నిబంధన వచ్చి పన్నెండేళ్లు. ఇవన్నీ ఉండగానే మంచి ధర వచ్చింది. మళ్లీ మరుసటి ఏడాది 2025లో పర్చూరు, ఇంకొల్లు వైపు బర్లీ వేసిన రైతుల గతి మీకు తెలుసు. ఏజెంట్లు ఊరూరా తిరిగి వేయించారు. పంట చేతికొచ్చాక మొహం చాటేశారు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. ఆ ఏడాది కొత్త బొమ్మ వల్లో కొత్త నిషేధం వల్లో ఆ గతి పట్టలేదు.

మరి ధర ఎక్కడ తేలుతోంది? మన వర్జీనియాలో పెద్ద భాగం విదేశాలకు పోతుంది. బ్రెజిల్‌లో, జింబాబ్వేలో పంట బాగుంటే ఇక్కడ ధర తగ్గుతుంది. అక్కడ కరువొస్తే ఇక్కడ పెరుగుతుంది. దానికి తోడు మన వేలం కేంద్రంలో నిజంగా కొనే కంపెనీలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకటి రెండు రోజులు కొనకుండా కూర్చుంటే చాలు, ధర దిగిపోతుంది. మన ధర తేలేది అక్కడ. ఒంగోలు బడ్డీ కొట్టు ముందున్న బోర్డు తీసేసినంత మాత్రాన కొండపి వేలంలో రూపాయి తగ్గదు.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పుకోవాలి. దేశంలో పొగాకు వాడకం తగ్గుతోంది. ప్రభుత్వ సర్వే ప్రకారం 2009-10లో పెద్దవాళ్లలో 34.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవాళ్లు. 2016-17కు అది 28.6 శాతానికి వచ్చింది. ఇరవై, ముప్పై ఏళ్లలో ఈ పంటకు గిరాకీ ఇంకా తగ్గుతుంది. మన పిల్లల కాలానికి ఇది ఉంటుందన్న భరోసా లేదు. అందుకే ఇప్పటినుంచే దారి అడగాలంటున్నాను. బొమ్మ చిన్నది చేయించుకుని ఇంకో పదేళ్లు నెట్టుకొద్దామనుకుంటే ఆ పదేళ్లూ కంపెనీకే దక్కుతాయి.

ఆరోగ్యం మాట మనదే

ఆరోగ్యం అనేసరికి మన సమావేశాల్లో అందరూ తల దించుకుంటారు. మనం పండించిందే కదా అని ఒక ఇబ్బంది. ఆ ఇబ్బందిని ఆసరా చేసుకుని కొందరు పెద్దలు అసలు జబ్బే లేదు పొమ్మన్నారు.

2015లో 85 శాతం బొమ్మ మీద పార్లమెంటు కమిటీ ఒకటి కూర్చుంది. దాని అధ్యక్షుడు దిలీప్ గాంధీ అనే ఎంపీ. పొగాకుకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని మన దేశంలో జరిగిన పరిశోధన ఏదీ లేదని, ఉన్నవన్నీ విదేశాలవేనని ఆయన అన్నారు. సొంతంగా బీడీ వ్యాపారం ఉన్న ఎంపీ శ్యామాచరణ్ గుప్తా కూడా అదే కమిటీలో సభ్యుడు. ఆ గొడవతో 2015 ఏప్రిల్‌లో రావాల్సిన బొమ్మ ఏడాది ఆగింది. ఆ తర్వాత 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చి పెద్ద బొమ్మను నిలబెట్టింది.

మన దేశంలో పరిశోధన లేదన్న ఆ మాట విని మన తెలుగువాళ్లు నవ్వుకోవాలి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఉన్నారు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. చేపలు అమ్ముకునేవాళ్లు, పొలం పనులు చేసేవాళ్లు. వాళ్లకు అంగిట్లో పుండ్లు పడి క్యాన్సర్ వస్తోందని విశాఖ డాక్టర్లు ఎప్పుడో రాశారు. ముంబై టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ దంత పరిశోధకులు 1960లలోనే శ్రీకాకుళం పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి వేలమంది నోళ్లు పరీక్షించారు. తర్వాత సంవత్సరాల తరబడి మళ్లీ మళ్లీ అవే ఊళ్లకు వెళ్లారు. పొగాకు మానమని చెప్పి ఒప్పించిన చోట నోటి మచ్చలు తగ్గాయని కూడా చూపించారు. ఆ ఆడవాళ్ల నోళ్లలో కనిపించిన రుజువు ఢిల్లీ కమిటీకి మాత్రం కనపడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మన దేశంలో ఏటా సుమారు 13.5 లక్షల మంది పొగాకు వల్ల చనిపోతున్నారు. అందులో ఎక్కువమంది బీదాబిక్కీ. జబ్బులకు, పోయిన పనిదినాలకు కలిపి 2017-18 ఒక్క ఏడాదిలో దేశానికి అయిన నష్టం 1,77,341 కోట్ల రూపాయలని లెక్క కట్టారు. కూలి డబ్బుల్లోంచి పొగ తాగి, ఆ జబ్బుకు పొలం అమ్ముకున్న ఇళ్లు మన ఊళ్లలోనే ఉన్నాయి.

తాగేవాళ్ల సంగతి అలా ఉంచి, పండించేవాళ్ల సంగతి చూడండి. మంచు పడే పొద్దుల్లో తడి ఆకు కోసే కూలీలకు తల తిరుగుతుంది, వాంతులవుతాయి, రాత్రి నిద్ర పట్టదు. ఎండ దెబ్బ అనో, పైత్యం అనో అనుకుంటాం. ఆకులోని నికోటిన్ తడితో పాటు చర్మంలోంచి ఒంట్లోకి పోవడం వల్ల వచ్చే జబ్బు అది. డాక్టర్లు దానికి గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అని పేరు పెట్టారు. చేతికి గ్లౌజులు, ఒంటి నిండా బట్ట ఉంటే చాలావరకు తగ్గుతుంది. సిగరెట్ పెట్టె మీద బొమ్మ ఎంతుండాలో కోర్టుల దాకా పోయి కొట్లాడారు. ఆకు అల్లే అక్కకు గ్లౌజులు ఇవ్వాలని మాత్రం ఏ కంపెనీ కోర్టుకు పోలేదు.

ప్రకటన ఎవరి కోసం?

కంపెనీలు ఒక మాట చెబుతాయి. తాగేవాడు ఎలాగూ తాగుతాడు, మా ప్రకటన వాడిని పక్క బ్రాండు నుంచి మా బ్రాండుకు తెచ్చుకోవడానికే అంటాయి. కానీ ఏటా లక్షలమంది గిరాకీదారులు చచ్చిపోతున్న వ్యాపారం ఇది. ఇంకొన్ని లక్షలమంది మానేస్తున్నారు. ఆ ఖాళీ నిండాలంటే కొత్తవాళ్లు రావాలి. యాభై దాటిన నాలాంటివాడు కొత్తగా అలవాటు చేసుకోడు. వచ్చేది పదహారేళ్ల కుర్రాడే.

చట్టం ప్రకారం బడికి వంద గజాల లోపు అమ్మకూడదు, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు అమ్మకూడదు. మన ఊళ్లో బడి గేటు ఎదురుగా ఉన్న బంకు చూడండి. చాక్లెట్ డబ్బా పక్కనే సిగరెట్ పెట్టె. కుర్రాడికి పెట్టె కొనే డబ్బు ఉండదు, లూజుగా ఒకటి కొంటాడు. లూజు సిగరెట్ మీద బొమ్మా ఉండదు, హెచ్చరికా ఉండదు. అందుకే లూజు అమ్మకం ఆపాలని, వయసు 21కి పెంచాలని, కొట్టు దగ్గర బోర్డులు తీసేయాలని 2020 చివర్లో కేంద్రం సవరణ ముసాయిదా తెచ్చింది. అప్పుడు కూడా రైతు పేరు చెప్పే వ్యతిరేకించారు. ఆ ముసాయిదా ఇప్పటికీ చట్టం కాలేదు.

గుట్కా, ఖైనీ వాళ్ల దారి వేరు. పొగాకు ప్రకటన కుదరదు కాబట్టి అదే పేరుతో ఇలాచీ అని, పాన్ మసాలా అని ప్రకటనలు వేస్తారు. కోట్లు తీసుకునే సినిమా హీరోలు వాటిలో నటిస్తారు. 2021లో అమితాబ్ బచ్చన్, 2022లో అక్షయ్ కుమార్ జనం తిట్టాక అలాంటి ప్రకటనల నుంచి తప్పుకున్నారు. తప్పుకోనివాళ్లు చాలామందే ఉన్నారు.

పదహారేళ్ల కుర్రాడికి సిగరెట్ అలవాటు చేయించే హక్కు కోసం మనం సంతకం పెట్టాలా? ఆ కుర్రాడు మన పిల్లాడే.

ప్రభుత్వం రెండు పడవల మీద కాళ్లు

కంపెనీని అన్నాను కదా, ప్రభుత్వాన్ని వదలను. గుంటూరులో పొగాకు బోర్డు పెట్టి, 1976 నుంచి సాగుకు లైసెన్సులు ఇచ్చి, ఎంత పండించాలో చెప్పి, 1985 నుంచి మన రాష్ట్రంలో వేలం నడిపిస్తున్నది కేంద్ర వాణిజ్య శాఖ. పొగాకు వద్దని ప్రకటనలు వేసేది కేంద్ర ఆరోగ్య శాఖ. సిగరెట్ మీద పన్ను పిండుకునేది ఆర్థిక శాఖ. దేశంలో అతి పెద్ద సిగరెట్ కంపెనీలో బ్రిటిష్ అమెరికన్ టొబాకో తర్వాత పెద్ద వాటా ఉన్నవాళ్లలో మన ఎల్‌ఐసీ ఒకటి. అంటే మన బీమా డబ్బు కూడా అందులోనే ఉంది.

ఇన్ని శాఖల్లో రైతు బాధ్యత ఎవరిది? పొగాకు నియంత్రణ మీద ప్రపంచ దేశాల ఒప్పందాన్ని మన దేశం 2004లో ఆమోదించింది. దాని 17వ అధికరణం రైతులకు, కార్మికులకు బతకగలిగే ప్రత్యామ్నాయాలు చూపాలని చెబుతోంది. ప్రకటనల నిషేధం అదే ఒప్పందంలోనిది, పెట్టె మీద హెచ్చరిక కూడా అందులోనిదే. ఆ రెండూ అమలు చేశారు. 17వ అధికరణం మాత్రం కాగితం మీదే ఉంది. 2016 నవంబరులో ఆ ఒప్పంద దేశాల సమావేశం గ్రేటర్ నోయిడాలో జరిగింది. లోపల మన గురించే మాట్లాడారు. రైతులు మాత్రం గేటు బయట ధర్నాలో ఉన్నారు. 2015-16 నుంచి పొగాకు రాష్ట్రాల్లో పంట మార్పిడి పథకం ఒకటి ఉంది. ఈ హాల్లో దాని పేరు విన్నవాళ్లు చేతులెత్తండి. (నలుగురైదుగురు చేతులెత్తారు.) చూశారుగా.

అమెరికా రైతుకు ఏం దక్కింది?

అమెరికాలోనూ పొగాకు రైతులు ఉన్నారు. కెంటకీ, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో తరతరాలుగా ఇదే పంట. 1998లో అక్కడి 46 రాష్ట్రాలు పొగాకు జబ్బుల వైద్యం ఖర్చు కక్కించడానికి కంపెనీలతో ఒప్పందం రాయించుకున్నాయి. 25 ఏళ్లలో 20,600 కోట్ల డాలర్లు కట్టాలి, పెద్ద బోర్డులూ పిల్లలను ఆకర్షించే ప్రకటనలూ మానాలి. ఆ డబ్బులో తన వాటాలో సగాన్ని కెంటకీ రాష్ట్రం వ్యవసాయానికి కేటాయించింది. పొగాకు నుంచి పశువులకు, కూరగాయలకు, ఇతర పంటలకు మారే రైతులకు ఖర్చు పెట్టింది.

2004లో ఇంకో చట్టం చేశారు. మనకు బ్యారన్ లైసెన్సు ఉన్నట్టే వాళ్లకు పొగాకు కోటా ఉండేది. ఆ కోటాను రద్దు చేస్తూ, కోటా హక్కుదారుకు పౌనుకు 7 డాలర్లు, సాగు చేసినవాడికి పౌనుకు 3 డాలర్లు ఇచ్చారు. అంటే భూమి ఉన్నవాడితో పాటు కౌలుకు చేసినవాడికి కూడా విడిగా ముట్టింది. మొత్తం సుమారు 1,000 కోట్ల డాలర్లు, పదేళ్ల వాయిదాల్లో. ఆ డబ్బు పొగాకు కంపెనీల దగ్గరే వసూలు చేశారు.

వాళ్లకు అన్నీ బాగున్నాయని నేననడం లేదు. అక్కడ కూడా చిన్న రైతులు చాలామంది సాగు మానేశారు. కానీ మానేసేవాడు ఉత్త చేతులతో పోలేదు. వాళ్లు లైసెన్సుకు వెల కట్టించుకున్నారు. మనం లైసెన్సును అద్దెకిచ్చుకుంటూ, అప్పులు తిరగరాయించుకుంటూ బతుకుతున్నాం.

ప్రత్యామ్నాయం అంటే విత్తనాల సంచి ఒక్కటే కాదు

పొగాకు బదులు శనగ వేయండి, కంది వేయండి అని చెప్పడం తేలిక. మన జిల్లాలో శనగ వేశాం. ఏళ్ల తరబడి కోల్డ్ స్టోరేజీల్లో మగ్గింది, బ్యాంకులు వేలం నోటీసులిచ్చాయి. సుబాబుల్ వేశాం, జామాయిల్ వేశాం. నరికిన కర్రకు ధర లేదు, వచ్చిన డబ్బు నెలల తరబడి చేతికి రాలేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. వర్షం మీద బతికే చల్క నేలలో ఈ పంటను పట్టుకుని వేలాడుతున్నామంటే దాని మీద ప్రేమ కాదు. బ్యాంకు అప్పు ఇస్తుంది, బోర్డు వేలం పెడుతుంది, డబ్బు ఖాతాలో పడుతుంది. వేరే ఏ పంటకూ ఈ మూడూ లేవు. ఆ మూడూ ఇవ్వకుండా పంట మార్చమంటే ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కెన్యాలో మిగోరి అనే పొగాకు ప్రాంతం ఉంది. అక్కడ ఐక్యరాజ్య సమితి సంస్థలు రైతులతో పొగాకు బదులు బీన్స్ వేయించాయి. విత్తనం, సలహా ఇవ్వడమే కాకుండా గింజలు కొనే బాధ్యత ప్రపంచ ఆహార కార్యక్రమం తీసుకుంది. కొనేవాడిని ముందు చూపించారు, పంట తర్వాత మార్పించారు. పద్ధతి అలా ఉండాలి.

మన కాగితం మనం రాద్దాం

అందుకని ఆ అర్జీని పక్కన పెట్టి మన డిమాండ్ల కాగితం మనం రాసుకుందామని ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి. పొగాకు మీద వచ్చే పన్నులో నిర్ణీత వాటాతో పొగాకు రైతుల, కౌలుదారుల, కూలీల పునరావాస నిధి పెట్టాలి. చట్టంలో రాసి పెట్టాలి, ఏటా బడ్జెట్ దయ మీద వదిలేయొద్దు.

రెండు. ఇష్టపడి బ్యారన్ లైసెన్సు వదులుకునే రైతుకు పరిహారం ఇవ్వాలి. ఆ బ్యారన్ మీద సాగు చేస్తున్న కౌలు రైతుకు విడిగా వాటా ఉండాలి.

మూడు. శనగ, కంది, మినుము, సజ్జ, కొర్రలకు చట్టబద్ధమైన మద్దతు ధర, మండలానికొక కొనుగోలు కేంద్రం ఉండాలి. వెలిగొండ నీళ్లు పొలాల దాకా రావాలి. నీళ్లు లేని ప్రత్యామ్నాయం ఉత్త మాట.

నాలుగు. మారేదాకా సాగు చేసేవాళ్లకు కనీస ధర గ్యారంటీ ఉండాలి. బర్లీని కూడా ముందస్తు కొనుగోలు ఒప్పందం లేకుండా వేయించకూడదు. వేయించి కొనని కంపెనీ నుంచి నష్టం వసూలు చేయాలి.

ఐదు. ఆకు కోసే, అల్లే, గ్రేడు చేసే కూలీలకు కంపెనీల ఖర్చుతో గ్లౌజులు, మాస్కులు, ఏటా వైద్య పరీక్షలు అందాలి.

ఆరు. ఇది ప్రభుత్వాన్ని అడిగేది కాదు, మనకు మనం పెట్టుకునేది. కంపెనీ డబ్బుతో బస్సులు, భోజనాలు పెట్టే ఏ సభకూ మన జెండా పట్టుకుని వెళ్లొద్దు. ఉప్పు తిన్నాక వాళ్ల పాటే పాడాలి.

కొందరు సోదరులు అనొచ్చు, కంపెనీతో తగువు పెట్టుకుంటే రేపు వేలంలో మన బేళ్లు కొంటారా అని. భయం నిజమే. కానీ 2015లో మనం వాళ్లతో ఏ తగువూ పెట్టుకోలేదు, అయినా కొనలేదు. లాభం కనపడితే కొంటారు, లేకపోతే కొనరు. మన సంతకం చూసి ఎవరూ కిలోకు పది రూపాయలు ఎక్కువ పాడరు.

ఆరోగ్యం కోసం పనిచేసే డాక్టర్లకు, సంఘాలకు కూడా ఇక్కడి నుంచే ఒక మాట చెబుదాం. మీరు అడిగే చట్టానికి మేం అడ్డం రాం. పెద్ద బొమ్మ పెట్టండి, బడి ముందు బంకు మూయించండి, ఇలాచీ పేరుతో వేసే దొంగ ప్రకటనలు ఆపించండి. కానీ ఢిల్లీలో కూర్చున్నప్పుడు 17వ అధికరణం కూడా అంతే గట్టిగా అడగండి. అప్పుడు కంపెనీ వెనక దాక్కోవడానికి రైతు ఉండడు.

ఈ తీర్మానం మీ ముందు పెడుతున్నాను. వేలం కేంద్రాల వారీగా చర్చించండి, కూడికలు తీసివేతలు చెప్పండి. వేలాలు మొదలయ్యేలోగా ప్రతి కేంద్రం నుంచి సంతకాలు కావాలి. కాగితం కింద ఎవరు రాశారో స్పష్టంగా మన సంఘం పేరు ఉంటుంది.

సెలవు.